దామలచెరువు మండీ నుంచి వచ్చిన ఉత్తరం

ఈ నెల మూడు ఉత్తరాలకు జవాబులు రాస్తున్నాను. మొదటిదానికే ఎక్కువ చోటు పట్టింది. అలాంటి ఉత్తరం కోసం నేను చాలా ఏళ్ళుగా ఎదురుచూస్తున్నాను.

ప్రశ్న: టీచరమ్మా, మాది దామలచెరువు. మామిడి సీజన్లో మండీలో కాయలు ఏరే పనికి పోతాను, తక్కిన రోజుల్లో కూలి. మావాడు ఊళ్ళో గవర్నమెంటు బడిలో అయిదో తరగతి. మండీకి వస్తే కాయ చూసి ఇది బేనీషా, ఇది కాలేపాడు అని చెప్పేస్తాడు. ఒక క్రేటుకు ఇంత అంటే పదిహేడు క్రేట్లకు ఎంతో నోటితోనే లెక్క కడతాడు. పుస్తకం తీస్తే మాత్రం రెండో తరగతి పాఠం కూడా చదవలేడు. అక్షరాలు విడివిడిగా చెబుతాడు, కలిపి చదవమంటే నిలబడిపోతాడు. సారు మంచివారే. ఇద్దరే టీచర్లు, అయిదు తరగతులు. ‘అందరితోపాటు లాక్కుపోవాల్సిందే కదమ్మా’ అంటారు. ఇంకో ఏడాది అదే తరగతిలో కూర్చోబెట్టమని మా ఆడబిడ్డ అంటుంది. అప్పు చేసి ప్రైవేటు హాస్టల్లో వేద్దామని మా ఆయన అంటాడు. ఎవరి చదువు వాళ్ళకు వేరేగా చెప్పే బళ్ళు ఉన్నాయంట, అవి డబ్బున్నవాళ్ళకేనా? ఈ టెన్షన్‌తో రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు.
— ఒక తల్లి, దామలచెరువు

జవాబు: అమ్మా, అప్పు చేయకండి. పదిహేడు క్రేట్ల లెక్క నోటితో కట్టేవాడికి బుర్ర లేదని ఎవరన్నా మీరు నమ్మకండి. వాడు ఒకచోట ఆగిపోయాడు, అంతే. అక్షరాలు కలిపి మాట చేసే దగ్గర ఆగాడు. ఒకటో తరగతిలో జ్వరంతో నెల రోజులు బడి మానేసినా, పనికి వేరే ఊరు పోతూ మీరు వెంట తీసుకుపోయినా ఆ మెట్టు తప్పిపోతుంది. పాఠం ముందుకు పోతుంది, పిల్లవాడు అక్కడే ఉంటాడు. హాస్టల్లో వేస్తే ఆరో తరగతి పుస్తకం మొదటి పేజీ తీస్తారు. అయిదులోనే ఉంచితే మళ్ళీ అవే పాఠాలు చెబుతారు. వాడు ఆగిన చోటు ఆ రెండు పుస్తకాల్లోనూ లేదు.

ఇక మీరు విన్న బళ్ళ సంగతి. మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తిగారు స్థాపించిన రిషి వ్యాలీ స్కూలు ఫీజులు కట్టి చదివేదే. కానీ ఆ స్కూలువాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో గొర్రెలు కాసేవాళ్ళ, కూలి చేసుకునేవాళ్ళ పిల్లల కోసం చిన్న చిన్న బళ్ళు కూడా పెట్టారు. మీరు విన్న చదువు ఆ బళ్ళలో రూపుదిద్దుకున్నదే. 1996లో నేను ఎర్రావారిపాళెం మండలంలో ఒక కొండపల్లెలో ఏకోపాధ్యాయ పాఠశాల నడుపుతున్నాను. నేను ఒక్కదాన్ని, పిల్లలు ముప్పై ఒక్కమంది, తరగతులు అయిదు. ఏం చేయాలో తోచక, సెలవు పెట్టి బస్సెక్కి ఆ బళ్ళు చూడబోయాను.

గది గోడ మీద ఒక నిచ్చెన బొమ్మ ఉంది. అరల్లో కార్డులు, ఒక్కో రకం కార్డు మీద ఒక్కో బొమ్మ గుర్తు. పిల్లలు నిచ్చెన మీద తాము ఎక్కడున్నారో చూసుకుని తమ కార్డు తామే తెచ్చుకుంటున్నారు. ఒక గుంపు దగ్గర టీచరు పూర్తిగా కూర్చుంటారు. ఇంకో గుంపుకు మధ్యమధ్యలో సాయం చేస్తారు. ఒక గుంపులో పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటారు, మరో గుంపులో ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు. పది రోజులు బడికి రాని పిల్ల తిరిగొస్తే ఆగిన కార్డు దగ్గరే మళ్ళీ మొదలు. ‘నువ్వు ఎన్నో తరగతమ్మా?’ అని ఒక పాపను అడిగాను. ఆ పాప తరగతి చెప్పలేదు. నా చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకెళ్ళి, నిచ్చెన మీద తన మెట్టు వేలితో చూపించింది.

ఆ పద్ధతి చూసి నేర్చుకున్న టీచర్లతోనే మైసూరు జిల్లా హెచ్.డి.కోటెలో 1995లో ‘నలి కలి’ అనే ఇలాంటి చదువు మొదలైంది. 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బళ్ళలో, ఆ తర్వాత తమిళనాడు అంతటా కార్డుల చదువు వచ్చింది. అవన్నీ ప్రభుత్వ బళ్ళే. మన సీమలో పుట్టింది పక్క రాష్ట్రాల పిల్లలకు అన్నేళ్ళు అందింది, మీవాడికి అందలేదు. ఇది రాస్తుంటే నాకు బాధగానే ఉంది.

నా సంగతీ చెప్పాలి. తిరిగొచ్చి అట్టపెట్టెలు కోసి కార్డులు చేశాను. రెండేళ్ళు చక్కగా సాగింది. తర్వాత తనిఖీకి వచ్చిన ఒక అధికారి ‘సిలబస్ ఎంతవరకు అయింది?’ అని ఆ ఒక్క మాటే అడిగారు. నేను భయపడి కార్డులు కట్టగట్టి బీరువాలో పెట్టేశాను. ఆ ఏడు ఒక పిల్లవాడు చదవడం రాకుండానే నా బడి దాటి వెళ్ళాడు. మీ ఉత్తరం చదువుతుంటే వాడే కళ్ళముందు కనిపించాడు.

ఆ రోజు ఆ అధికారికి చెప్పలేని జవాబు ఇప్పుడు మీకు చెబుతాను. 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం ప్రతి పిల్లవాడి నేర్చుకునే శక్తిని అంచనా వేసి, దాన్నిబట్టి అవసరమైనంత అదనంగా నేర్పడం టీచరు విధి. సిలబస్ పూర్తిచేయడం ఎంత బాధ్యతో ఇదీ అంతే. ఈ మాట సారు మీద ఎత్తిపొడుపుగా వాడకండి. ఇద్దరు టీచర్లు అయిదు తరగతులు లాగడం ఎంత కష్టమో నాకు తెలుసు. ‘సార్, మావాడు అక్షరాలు చెబుతున్నాడు, కలపలేకపోతున్నాడు. వీడిలాంటివాళ్ళు బడిలో ఎంతమంది ఉన్నారు?’ అని అడగండి. మూడు, నాలుగు, అయిదు తరగతుల్లో కలిపి తప్పకుండా కొంతమంది తేలుతారు. రోజూ ఒక్క గంట తరగతులు పక్కన పెట్టి, అక్షరాల దగ్గర ఉన్నవాళ్ళు ఒకచోట, మాటల దగ్గర ఉన్నవాళ్ళు ఒకచోట, పేరా చదవగలిగేవాళ్ళు ఒకచోట కూర్చుంటే ఇద్దరు టీచర్లతోనే సాగుతుంది. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ దేశంలో చాలాచోట్ల ప్రభుత్వ బళ్ళలో చేయిస్తున్నది ఇలాంటి పనే.

ఆ గంట నిలబడాలంటే తల్లిదండ్రులు వెనక ఉండాలి. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలని అదే చట్టం చెబుతోంది. మండీకి వచ్చే తల్లుల్లో ఇద్దరిని వెంటబెట్టుకుని మీటింగుకు వెళ్ళండి. ‘రోజూ ఒక గంట మెట్లవారీగా చదివించాలి, ఆ గంటలో టీచర్లకు వేరే పని పెట్టకూడదు’ అని తీర్మానాల పుస్తకంలో రాయించండి. రేపు ఎవరైనా వచ్చి సిలబస్ అడిగితే సారు చేతిలో ఆ కాగితం ఉంటుంది. నా చేతిలో అది లేకపోయింది.

ఇంటి దగ్గర మీరు చేయగలిగింది మండీలోనే ఉంది. పాత అట్టముక్కల మీద కాయల పేర్లు పెద్దక్షరాలతో రాయించండి. మీకు రాయడం రాకపోతే మండీ గుమస్తాను అడగండి. మొదట ‘నీలం’. ఒక దీర్ఘం, ఒక సున్న, అంతే. అది వచ్చాక ‘బేనీషా’, ‘కాలేపాడు’, ‘తోతాపురి’. చాలా గుణింతాలు వాటిలోనే తగులుతాయి. ఒత్తు కోసం ‘మల్లిక’. ‘ఇమాంపసంద్’ చివరికి. కాయ ఏదో, పేరేదో వాడికి ముందే తెలుసు కాబట్టి, కళ్ళు అక్షరాన్ని పట్టుకుంటే చాలు. రోజూ పావుగంట, కొట్టకుండా, పక్కింటివాడితో పోల్చకుండా. దసరాకు వాడు మండీ చీటీ తానే చదివితే, ఆ చీటీలో ఏముందో నాకు రాయించి పంపండి.

ప్రశ్న: మేడమ్, నేను 2025 డీఎస్సీలో ఎంపికై చిత్తూరు జిల్లాలో చేరాను. నా తరగతిలో 24 మంది. ఎవరి స్థాయికి తగిన పని వాళ్ళకు ఇస్తుంటే ‘మా పిల్ల నోట్సు ఖాళీగా ఉంది, మీరేమీ చెప్పట్లేదా?’ అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. తోటి టీచర్లు కూడా ఎందుకమ్మా ఈ శ్రమ అంటున్నారు.
— ఒక ఉపాధ్యాయిని, కార్వేటినగరం మండలం

జవాబు: అమ్మా, నేనూ కార్వేటినగరం డైట్‌లో (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) ట్రైనింగులు పొందినదాన్నే, ఆ మాటలన్నీ నేనూ పడ్డాను. 24 మందికి 24 రకాల పాఠాలు తయారుచేయాలని చూడకండి, నెలలోపే అలిసిపోతారు. మూడు గుంపులు చాలు. గుంపులకు తెలివైనవాళ్ళు, వెనకబడ్డవాళ్ళు అనే పేర్లు పెట్టకండి, మనం ఎంత మెల్లగా అన్నా పిల్లలకు తెలిసిపోతుంది. నెలకోసారి గుంపులు మార్చండి. బాగా వచ్చినవాళ్ళతో ఎప్పుడూ ఇతరులకు చెప్పించే పనే చేయిస్తే వాళ్ళ చదువు ఆగుతుంది, వాళ్ళకూ కొత్త పుస్తకం చేతికివ్వండి.

తల్లిదండ్రులకు నోట్సు బదులు పిల్లనే చూపించండి. 2024 డిసెంబరు 7న, 2025 జులై 10న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగులు జరిగాయి కదా. అలాంటి రోజున ప్రతి పిల్లా తల్లి ఎదుట అయిదు వాక్యాలు చదవాలి. జూన్‌లో ఏ కార్డు దగ్గర ఉంది, ఇవాళ ఏ కార్డు దగ్గర ఉంది, ఆ రెండూ తల్లి చేతిలో పెట్టండి. ఆ తర్వాత నోట్సు గురించి ఎవరూ అడగరు.

ప్రశ్న: అమ్మా, మా మనవరాలు తిరుపతిలో ప్రభుత్వ హైస్కూల్లో ఎనిమిదో తరగతి. చెబితే అన్నీ గుర్తుంటాయి, రాయమంటే అక్షరాలు తారుమారవుతాయి. డాక్టరు ‘స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ’ అన్నారు. ఈ బడి మాన్పించాలా? పది పాసవుతుందా?
— ఒక తాతయ్య, కొర్లగుంట

జవాబు: మాన్పించకండి తాతగారూ. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో ఇదీ ఒకటి. తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది ఇది. మామూలు బడిలో, అందరి పిల్లల మధ్యనే, తనకు వీలైన పద్ధతిలో చదువుకునే హక్కు ఆ పాపకు ఉంది. హెడ్‌మాస్టరు గారిని కలిసి మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు సాయం చేసే ప్రభుత్వ కేంద్రం) ఎక్కడుందో, అక్కడి రిసోర్స్ టీచరు ఏ రోజుల్లో ఉంటారో కనుక్కోండి. పాపకు ఏ సబ్జెక్టులో ఏం సాయం కావాలో వాళ్ళతో కాగితం మీద రాయించి, ఒక నకలు క్లాసు టీచరుకు ఇవ్వండి. నోటితో జవాబు చెప్పనివ్వడం, బోర్డు మీది నోట్సు ముందే రాసి ఇవ్వడం లాంటి చిన్న ఏర్పాట్లకు డబ్బు ఖర్చేమీ ఉండదు.

వైకల్య సర్టిఫికెట్ కోసం సదరం (ప్రభుత్వం చేయించే వైకల్య పరీక్ష) స్లాటు ఇప్పుడే బుక్ చేయించండి. అర్హత ఉన్న పిల్లలకు పరీక్షలో రాసిపెట్టే మనిషిని ఇస్తారు. కేంద్రం మార్గదర్శకాల ప్రకారం అలాంటివారికి గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి. అంటే మూడు గంటల పరీక్షకు ఇంకో గంట. రెగ్యులర్‌గా పది రాయడం మరీ భారమైతే సార్వత్రిక విద్యాపీఠం (ఓపెన్ స్కూలు) ద్వారా రాసే దారి ఉంది, కానీ దాని గురించి ఇప్పుడే ఆలోచించకండి. ఎనిమిదో తరగతి కాబట్టి మీకు వ్యవధి ఉంది. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ళ జాబితా) పంపే రోజుకు ఆ సర్టిఫికెట్ హెడ్‌మాస్టరు గారి చేతిలో ఉండాలి, ఆ తర్వాత ఇస్తే చాలా తిప్పలు పడాల్సి వస్తుంది.