లంచ్ ప్రార్థన, దొంగ బిల్లు

ప్రశ్న: నేను అమీర్‌పేటలోని ఒక ట్రేడింగ్ సంస్థలో అకౌంట్స్ చూస్తున్నాను. సరుకు రాకపోయినా వచ్చినట్టు కొనుగోలు బిల్లులు ఎంట్రీ చేయమని మేనేజరు గారు ఒత్తిడి చేస్తున్నారు. కాదంటే ఉద్యోగం పోతుందేమోనని భయం. ఇదిగాక, మేము నలుగురం మధ్యాహ్నం అర్ధగంట లంచ్‌లో చేసుకునే ప్రార్థన ఒక్కోసారి సమయం దాటుతుందని తోటివారు సణుగుతున్నారు. దీన్ని ప్రభువు కోసం పడే శ్రమగా భావించి సహించాలా?
– ఒక సోదరి, సికింద్రాబాద్

జవాబు: సోదరికి వందనాలు. మొదటి విషయంలో సందేహానికి తావు లేదు. సరుకు చేతులు మారకుండానే బిల్లు పుట్టించి, దానిపై ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (కొనుగోలుపై కట్టిన పన్నును, కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకోవడం 2017 నాటి కేంద్ర జీఎస్‌టీ చట్టం 132వ సెక్షన్ కింద నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, ‘దొంగత్రాసు యెహోవాకు హేయము’ అన్న బైబిలు సామెతల గ్రంథపు మాట కిరాణా కొట్టుకే కాదు, ట్యాలీ అనే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో మీరు వేసే ఎంట్రీకి కూడా వర్తిస్తుంది.

అయితే కాదని చెప్పే తీరు దానియేలు దగ్గర నేర్చుకోవాలి. బబులోను చెరలో రాజు పెట్టే భోజనం వద్దనుకున్నప్పుడు దానియేలు అక్కడి అధికారికి నీతిబోధ చేయలేదు. వేడుకున్నాడు, ఆ అధికారికి తన తల పోతుందన్న భయం ఉందని గ్రహించి, పది రోజులు శాకాహారంతో పరీక్షించి చూడమని మధ్యేమార్గం చూపాడు. మీ మేనేజరు గారిపైనా పైనుంచి ఒత్తిడి ఉండవచ్చు. కనుక నలుగురిలో కాకుండా ఆయన గదిలోకి వెళ్లి, ‘సార్, ఈ బిల్లుకు లారీ రశీదు గానీ గోడౌన్ ఎంట్రీ గానీ లేదు, సరుకు దిగాక వేస్తాను’ అని మర్యాదగా చెప్పండి. ఆ కాగితాలు కూడా సృష్టించి తెస్తే మాత్రం ‘నా వల్ల కాదు సార్’ అనడమే. ఉద్యోగం పోదని నేను హామీ ఇవ్వలేను. దానియేలు స్నేహితులు షద్రకు, మేషాకు, అబేద్నెగో కూడా దేవుడు అగ్నిగుండం నుంచి రక్షించకపోయినా రాజు నిలిపిన ప్రతిమకు మొక్కబోమని అన్నారే గాని, తప్పక రక్షిస్తాడన్న షరతు మీద నిలబడలేదు. అలాంటి పరిస్థితి వస్తే మరో ఉద్యోగం దొరికే వరకు ఆదుకోవలసిన బాధ్యత మీ సంఘానిది. పాస్టరు గారితో ఇప్పుడే మాట్లాడి ఉంచండి.

రెండో విషయంలో నా మాట మీకు రుచించకపోవచ్చు. అర్ధగంట లంచ్ సమయం దాటి ప్రార్థన సాగుతున్నప్పుడు, మీ టేబుల్ మీద మోగే ఫోన్లను ఎత్తి, పార్టీలకు సర్దిచెప్పుకునేది ఎవరు? సణిగే ఆ తోటివారే అయితే, అది మీరు అనుకుంటున్న శ్రమ కాదు. తప్పు చేసి దెబ్బలు తిని సహిస్తే ఘనమేముందని పేతురు తన మొదటి పత్రికలో దాసులకే రాశాడు. జీతం తీసుకునే గంటలు యజమానివి. లేని సరుకుకు బిల్లు రాయడం ఎలాంటిదో, చేయని పనికి జీతం తీసుకోవడమూ అలాంటిదే. ఆఫీసు వేళల్లో వాట్సాప్‌లో వాక్యాలు పంపుకోవడానికీ (ఈ అలవాటు మనలో చాలామందికి ఉంది) ఇదే వర్తిస్తుంది.

లంచ్ ముగియడానికి ఐదు నిమిషాల ముందే ఆమేన్ చెప్పి సీటులో కూర్చోండి. క్రిస్మస్‌కు మీ పని వారు చూసినట్టే, బోనాలకో రంజాన్‌కో వారు సెలవు పెట్టిన రోజున వారి రిజిస్టరు మీరు అడిగి తీసుకోండి.