ఇస్త్రీ బండి దగ్గర ఆగిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ కథా అందాయి. జవాబుకి నెల పట్టింది. శుక్లాలు తీయించుకున్నాను, చిన్నక్షరాలు ఇంకా కూడబలుక్కునే చదువుతున్నాను. ముందొక సవరణ. నన్ను ‘మాస్టారూ’ అన్నావు. నేనెవరికీ పాఠం చెప్పలేదమ్మా. 1979 నుంచి 2012 దాకా ఆర్టీసీలో టికెట్లు కొట్టాను. కథలు రాసేవాడు కనిపిస్తే మాస్టారూ అనేయడం మనవాళ్లకి అలవాటు. బడిపంతుళ్లే ఎక్కువమంది రాశారు కనక తప్పు పట్టలేం.

‘నాకు రాయడమే కావాలని తెలిసిపోయింది, గచ్చిబౌలి ఉద్యోగం మానెయ్యనా’ అని అడిగావు. అవి రెండు ప్రశ్నలు. ఒకే వాక్యంలో పెట్టేసరికి మొదటిదానికి అవునంటే రెండోదానికీ అవుననాల్సి వచ్చేట్టు ఉంది. విడదీద్దాం.

నీ కథ చదివి ఆఫీసులో స్నేహితురాళ్లు కళ్లొత్తుకున్నారని, అప్పుడే తెలిసిందని రాశావు. దానికి నేను పెద్దగా మార్కులెయ్యను. మనవాళ్లు ఏడుస్తారు, మనమంటే ఇష్టం కనక. నాకెలా తెలిసిందో చెప్తాను.

పార్వతీపురం నుంచి గుమ్మలక్ష్మీపురం వైపు ఆఖరి బస్సు నాది. రాత్రి తొమ్మిదికి చేరేది, నైట్ హాల్టు, పొద్దున్న ఐదుకి మళ్లీ బయల్దేరేది. ఒక సాయంత్రం ఓ ముసలమ్మ ఎక్కి కొంగుముడి విప్పి చిల్లర లెక్కపెట్టింది. టికెట్టుకి సరిగ్గా సరిపోయింది. చేతిలో ఇంక పైసా లేదు. ‘మరి రావడానికో?’ అన్నాను, ఊరికే. ‘ఎల్డానికే నాను తెచ్చుకున్నాను బాబూ. రావడానికి మా గుంటడిస్తాడు’ అంది.

అంతే. ఆ మాట నా బుర్రలోంచి పోలేదు. ఆ రోజుల్లో మిషన్లు లేవు, టికెట్ల ట్రే ఉండేది. స్టేజీ దాటినప్పుడల్లా టికెట్ల నంబర్లు ఎస్సార్‌లో, అంటే కండక్టరు లెక్కల కాగితంలో, ఎక్కించాలి. ఎక్కించలేదు. రెండు స్టేజీలు దాటిపోయాయి. దారిలో చెకింగ్ ఎక్కుంటే సస్పెన్షనే. మర్నాడు డిపోలో క్యాష్ కట్టేటప్పుడు మూడు రూపాయల నలభై పైసలు తక్కువొస్తే జేబులోంచి వేశాను. అప్పటికి నాలుగు కథలు అచ్చయి ఉన్నాయి, ఒకదానికి మనియార్డరు కూడా వచ్చింది. కానీ ఈ జబ్బు వదలదని తెలిసింది మాత్రం ఆ మూడు నలభై కట్టిన రోజే.

ఆ కథ పదకొండుసార్లు తిరగరాశాను. మొదటి ప్రతిలో కొడుకు దుర్మార్గుడు, ముసలమ్మ చచ్చిపోతుంది. కుర్ర రచయితలకి మనుషుల్ని చంపడమంటే సరదా, ముగింపు తేలిక కదా. పదకొండో ప్రతిలో కొడుకు అసలు లేడు. కండక్టరు ప్రతి ఉదయం ఐదింటి బస్సులో ఎక్కేవాళ్ల మొహాలు చూస్తుంటాడు, అంతే. నిజానికి నేను చేసిందీ అదే. ఆవిడ నా బస్సులో మళ్లీ ఎక్కలేదు. వేరే బస్సులో వెళ్లి ఉండొచ్చు, నాకు వారానికో సెలవుండేది మరి.

ఇప్పుడు నీ కథ. పద్నాలుగు పేజీలు. తల్లీకూతుళ్ల గొడవ, అమెరికా సంబంధం, చివర్న వాన. ఇవన్నీ ఎక్కడో చదివినట్టే ఉన్నాయి, నువ్వూ చదివే ఉంటావు. కానీ తొమ్మిదో పేజీలో ఆ పిల్ల అపార్టుమెంటు గేటు పక్కన ఇస్త్రీ బండి దగ్గర ఆగుతుంది. అతను పెట్టెలోని బొగ్గుల్ని ఊది, వేలు తడిచేసి అడుగున తాకించి, ‘సుయ్’ మన్నాక ముందు తన లుంగీ అంచు మీద ఓసారి తోసి చూసుకుని, అప్పుడు చీర పరుస్తాడు. చీర పాడైతే తనదే నష్టం కనక ముందు తన గుడ్డ. ఆ పేరా మూడుసార్లు చదివాను. దాన్ని రాసింది రచయిత్రి. మిగతా కథ రాసింది, కథలు బాగా చదివిన అమ్మాయి. కాబట్టి నీ మొదటి ప్రశ్నకి నా జవాబు అవునే, ఆ ఏడు లైన్ల పూచీ మీద.

రెండో ప్రశ్న దగ్గర పెద్దవాళ్లంతా ఒకటే పాట పాడతారు. కారా మాస్టారు, అదే కాళీపట్నం రామారావు గారు, విశాఖ బడిలో లెక్కలు చెప్పుకుంటూనే కథలు రాశారు, రావిశాస్త్రి గారు వకీలుగా కోర్టుకెళ్తూనే రాశారు, ‘గాలివాన’ కథకి 1952 ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చేనాటికి పాలగుమ్మి పద్మరాజు గారు కాకినాడలో కెమిస్ట్రీ లెక్చరరు, కాబట్టి ఉద్యోగం మానకు అని. నిజమే. తెలుగులో కథ కథకుడికి ఎప్పుడూ అన్నం పెట్టలేదు. పత్రిక ఇస్తే కొంచెం ఇస్తుంది, ఇవ్వకపోతే లేదు. పుస్తకం వెయ్యాలంటే డబ్బు మనదే. ఐదొందల కాపీలు వేస్తే సగం మంచం కింద ఉంటాయి, నా మంచం కింద ఇప్పటికీ ఉన్నాయి.

కానీ ఆ పాట పూర్తిగా పాడరు. ఉద్యోగం నాకు కథలిచ్చిందని సభల్లో నన్ను మెచ్చుకుంటారు. ఇచ్చింది. నవలని తీసుకుంది. నైట్ హాల్టులో బస్సు లైటు వేస్తే బ్యాటరీ దిగిపోతుందని డ్రైవరు ఊరుకునేవాడు కాదు. టీ హోటలు లాంతరు దగ్గర గంటన్నర దొరికేది. గంటన్నరకి కథ లొంగుతుంది, నవల లొంగదు. రెండు నవలలు మొదలుపెట్టాను, రెండూ అరవై పేజీల దగ్గర ఆగిపోయాయి. రిటైరయ్యాక తీసి చూస్తే అందులో మనుషులెవరో నాకే గుర్తు రాలేదు. అందుకే మానొద్దని నీకు గట్టిగా చెప్పే హక్కు నాకు లేదు.

చెప్పగలిగింది ఇది. ఆర్నెల్లు రోజూ ఆఫీసుకి ముందు ఒక గంట కూర్చో. ఫోను వేరే గదిలో. రాయడం రాకపోతే నిన్నటిది కొట్టెయ్యి, అదీ పనే. ఆర్నెల్లయ్యాక ఆ గంట చాలడం లేదని నీకు కోపం రావాలి. వస్తే ఏడాది ఖర్చులు చేతిలో పెట్టుకుని మాను. రాకపోతే ఉద్యోగం మానినా రోజంతా ఆ గంటలాగే గడుస్తుంది.

మీ నాన్నగారికి ‘రచయిత్రినవుతాను’ అని చెప్పకమ్మా. ఆయనకి అది జబ్బు పేరులా వినిపిస్తుంది. ‘ఒక్క ఏడాది’ అను. తండ్రులకి లెక్కలు అర్థమవుతాయి.

రాతతోనే బతకాలంటే దారుల్లేవని కాదు. కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి కడదాకా ‘చందమామ’లో పనిచేస్తూ తన రచనలూ చేసుకున్నారు. పద్మరాజు గారు తర్వాత సినిమాకే వెళ్లారు. ఇప్పుడు సీరియళ్లున్నాయి, వెబ్ సిరీస్‌లున్నాయి, ఆడియో కథలున్నాయి. అవి తక్కువ పనులేం కావు. కాకపోతే అక్కడ ముసలమ్మ ఎక్కాలో దిగాలో వేరేవాళ్లు చెప్తారు. సంతకం పెట్టే ముందు కాగితం మొత్తం చదువు. సినిమాకి రాసినవాళ్లకి రాయల్టీలో వాటా ఉండాలని 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించారు. అది తెలియకుండానే రాసిచ్చేసేవాళ్లు ఎందరో. అడ్వాన్సు లేకుండా ‘ఒక వెర్షన్ రాసివ్వమ్మా’ అంటే నవ్వి వచ్చెయ్.

వీలైతే ఓసారి శ్రీకాకుళం రా. కథానిలయం చూపిస్తాను, తెలుగు కథల గ్రంథాలయం. 1997లో కారా మాస్టారు తన అవార్డు డబ్బులతో మొదలుపెట్టిన ఇల్లు అది. ఆ బీరువాల ముందు ధైర్యం రాదు, భయమేస్తుంది. పేరు కూడా వినని వందలమంది అంత శ్రద్ధగా రాసి వెళ్లిపోయారు. ఆ భయం నీకు నచ్చుతుందో లేదో చూడాలి.

కథ తిరిగి పంపుతున్నాను. అమెరికా సంబంధం తీసెయ్. వాన తీసెయ్. ఇస్త్రీ బండి దగ్గర మొదలుపెట్టి, సంక్రాంతిలోపు ఆరు పేజీల్లో రాసి పంపు, అక్షరాలు కాస్త పెద్దవి చేసి.

అన్నట్టు, అతని పేరేమిటి? కథలో ఎక్కడా లేదు. మూడేళ్లుగా మీ బట్టలు అతనికే ఇస్తున్నామని రాశావు.

ఆశీస్సులతో,
మీ కండక్టరు బాబాయి