పియానో ఎవరి చేతికి అప్పగించాలి?

చిరంజీవి అబ్బాయికి, పెదనాన్న ఆశీస్సులు.

ఇల్లు మారుతున్నారనీ, అన్నిటికంటే పియానో గురించే టెన్షన్‌గా ఉందనీ రాశావు. సామాన్లు తీసుకెళ్లేవాళ్లు దాన్నీ బీరువాతో పాటే ఎక్కించేస్తామంటున్నారట. ఒప్పుకోకు నాయనా. బీరువా మోసిన చేతులన్నిటికీ పియానో మోయడం రాదు.

పైకి చెక్క సామానే, కానీ లోపల పోత ఇనుప చట్రం ఉంటుంది. దానికి సుమారు 230 తీగలు బిగించి ఉంటాయి. అవన్నీ కలిసి లాగే బలం 15 నుంచి 20 టన్నుల దాకా ఉంటుంది కాబట్టే అంత ఇనుము పెడతారు. మీ ఇంట్లో ఉన్నలాంటి, తీగలు నిలువుగా ఉండే అప్‌రైట్ పియానో 200 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది, ఎత్తు ఎక్కువైతే 300 కూడా దాటొచ్చు. ఆ బరువులో ఎక్కువ భాగం వెనకవైపే ఉంటుంది. అలవాటు లేనివాళ్లు ముందువైపు పట్టుకుని కాస్త లేపగానే వెనక్కి ఒరుగుతుంది. ఒరగడం మొదలయ్యాక మనుషులు ఆపలేరు. కింద చిన్న చక్రాలున్నాయి కదా, తోసుకుంటూ పోదామంటారు కొందరు. అవి గదిలో కాస్త జరుపుకోవడానికే. గడప దగ్గర చక్రం ఇరుక్కుందంటే పియానో ముందు కాలు విరుగుతుంది.

ఇక మనుషుల్ని ఎంచుకోవడం. ఫోన్ చేసినప్పుడు నువ్వు రేటు అడిగేలోపు వాళ్లు నిన్ను ఏమడుగుతారో గమనించు. పని తెలిసినవాడు అప్‌రైటా, తీగలు అడ్డంగా పరిచి ఉండే గ్రాండా, ఎన్నో అంతస్తు, మెట్లెన్ని, మలుపు దగ్గర ఎంత చోటుంది, లిఫ్ట్ ఎంత బరువు మోస్తుంది అని వరసగా అడుగుతాడు. రెండిళ్లూ చూడందే రేటు చెప్పడు, కనీసం ఫొటోలైనా పంపమంటాడు. ఏమీ అడగకుండా 'చేసేద్దాం సార్' అన్నవాడిని, ఎంత తక్కువ చెప్పినా సరే, వదిలెయ్. మెట్ల మలుపు మాత్రం నువ్వే టేపు పెట్టి కొలువు. పియానో పొడవు దాదాపు ఐదడుగులుంటుంది, దాన్ని తిప్పాలంటే పట్టుకున్న మనుషులకు కూడా చోటు కావాలి. పని ఆగిపోయేది ఎక్కువగా అక్కడే.

తర్వాత, ఎలా తీసుకెళ్తారో వాళ్ల నోటితోనే చెప్పించు. మందపాటి దుప్పట్లు, బెల్టులు, బరువుకు తగ్గ ట్రాలీ, మెట్లున్నచోట కనీసం నలుగురు మనుషులు, ఇవన్నీ నువ్వు అడగకుండానే రావాలి. అప్‌రైట్‌ను వెల్లకిలా పడుకోబెడతామంటే అక్కడితో మాట ఆపెయ్. బండిలో కూడా అది నిలబడే ఉండాలి, డ్రైవర్ క్యాబిన్ వైపు గోడకు ఆనించి బెల్టులతో బిగించాలి. గ్రాండ్ సంగతి వేరు. కాళ్లు, పెడళ్లు విప్పి, ప్రత్యేకమైన పలక మీద పక్కకు నిలబెట్టి తీసుకెళ్తారు.

'ఇన్సూరెన్స్ ఉంది' అని నోటిమాటగా చెబితే సరిపోదు, కాగితం చూడు. పియానో కంపెనీ, మోడల్, సీరియల్ నంబర్, విలువ విడిగా రాసి ఉండాలి. బయటి గీతలకేనా, లోపలి భాగాలు దెబ్బతిన్నా ఇస్తారా అన్నది తప్పకుండా చదువు. సీరియల్ నంబర్ చాలావాటికి పైమూత ఎత్తితే లోపల కనిపిస్తుంది. అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి పెట్టుకో.

ఆ రోజు కీల మీది మూత వేసి తాళం ఉంటే బిగించు. పాలిష్ మీద టేపు నేరుగా అంటించనివ్వకు, ముందు దుప్పటి చుట్టి ఆ పైన ఏం చుట్టినా ఫర్వాలేదు. మెట్ల మీద సాయం చేద్దామని నువ్వు కిందివైపు నిలబడకు, పిల్లల్ని అటు రానివ్వకు. నాకు పియానో కంటే ఆ భయమే ఎక్కువ.

కొత్త ఇంట్లో దాని చోటు ముందే నిర్ణయించి ఉంచు. ఎండ నేరుగా పడేచోటు, ఏసీ గాలి తగిలేచోటు వద్దు. వాళ్ల కాగితం మీద సంతకం పెట్టేముందు 88 కీలూ ఒక్కొక్కటీ నొక్కి విను, పెడళ్లు తొక్కి చూడు. తేడా అనిపిస్తే ఆ కాగితం మీదే రాయించు. శ్రుతి కాస్త తప్పితే కంగారు పడకు. కుదుపుల కంటే కొత్త గదిలోని తేమ వల్లే శ్రుతి ఎక్కువగా మారుతుంది. చెక్క ఆ గాలికి అలవాటు పడాలి కాబట్టి రెండు మూడు వారాలాగి ట్యూనర్‌ను పిలిపించు. ముందే చేయిస్తే మళ్లీ చేయించాల్సి వస్తుంది.

అడ్వాన్స్ ఇచ్చేముందు వాళ్లిచ్చిన కొటేషన్, ఇన్సూరెన్స్ కాగితం రెండూ ఫొటో తీసి నాకు పంపు. చదివి వెంటనే ఫోన్ చేస్తాను.

మీ పెదనాన్న