కుళాయికి కట్టిన గరిటె కాడ

ప్రశ్న: నా వయసు 41. మిర్యాలగూడ దగ్గర ఒక చిన్న టౌన్‌లో ఉంటాం. డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా పెళ్లి చేశారు, చదువు అక్కడితో ఆగిపోయింది. మా ఆయన రైస్ మిల్లులో లెక్కలు చూస్తారు. బాబు హైదరాబాద్‌లో బీటెక్ చదువుతున్నాడు, పాప ఈ ఏడాదే ఇంటర్ హాస్టల్లో చేరింది. అది వెళ్లినప్పటి నుంచి ఇల్లంతా బోసిగా ఉంది. పదకొండు కల్లా పనంతా అయిపోతుంది. ఇక ఫోన్లో జీవిత లక్ష్యం, సక్సెస్ అంటూ వచ్చే వీడియోలు చూస్తూ కూర్చుంటాను. చూసేకొద్దీ నేనేం సాధించాను అనే బాధ ఎక్కువవుతోంది, అసలెందుకు బతుకుతున్నానో అనిపిస్తోంది. డిగ్రీ పూర్తి చేస్తాను, నలుగురికి పనికొచ్చేది ఏదైనా చేస్తాను అంటే "ఇప్పుడు చదివి ఎవర్ని ఉద్ధరించాలి" అంటున్నారు మా ఆయన. ఎదురింటి పిల్లాడు ఆరో తరగతి, తెలుగు కూడబలుక్కుని చదవడం కూడా రాదు వాడికి, సాయంత్రాలు వస్తే కాసేపు చెప్తుంటాను, అంతే. అత్తమ్మకు కీళ్లవాతం. వేళ్లు వంకర్లు పోయి కుళాయి తిప్పలేకపోతుంటే పాత గరిటె కాడ ఒకటి సైకిల్ ట్యూబు ముక్కతో కట్టాను, ఇప్పుడు మోచేత్తో నెట్టి తనే తిప్పుకుంటోంది. అది చూసి మా ఆయన నవ్వారు. ఈ వయసులో నాలాంటిదానికి ఏ లక్ష్యం ఉంటుంది మేడమ్?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మిగతా విషయాల్లోకి వెళ్లేముందు ఒకటి అడగాలి. "ఎందుకు బతుకుతున్నానో" అని రాశారు కదా. పాప వెళ్లిపోయిన దిగులులో నోటికొచ్చిన మాటా అది, లేక రాత్రిళ్లు నిద్ర పట్టక, అన్నం సయించక, ఊరికే ఏడుపొస్తూ రెండు మూడు వారాలుగా అలాగే ఉందా? రెండోదైతే ఆలస్యం చేయకండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. థైరాయిడ్ కూడా ఒకసారి చూపించుకోండి, ఈ వయసులో ఆడవాళ్లకు ఒంట్లో వచ్చే మార్పులు మనసును బాగా కుంగదీస్తాయి, అది మీ తప్పని అనుకోవద్దు. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416 ఉంది, డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోవాలనే ఆలోచన ఎప్పుడైనా వస్తే ఆ రోజే, ఆ గంటలోనే ఫోన్ చేయండి. ఇంట్లోనూ చెప్పండి.

ఇక మీ ప్రశ్న. ఉత్తరమంతా నాకేమీ లేదు, నేనేమీ చేయలేదు అని రాసి, చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు ఆ కుళాయి సంగతి రాశారు. నేను అక్కడే ఆగిపోయాను.

ఒక్కసారి ఆ కాడ కట్టకముందు మీ అత్తమ్మ పరిస్థితి ఆలోచించండి. కీళ్లవాతం ముదిరిన పెద్దవాళ్లు బాత్రూమ్ ముందుకెళ్లి, కుళాయి తిప్పలేక, కోడల్ని ఎన్నిసార్లు పిలుస్తాంలే అని మొహమాటపడి, ఎవరైనా అటు వస్తారేమోనని గోడ పట్టుకుని నిలబడటం నేను చాలా ఇళ్లలో చూశాను. పిలవాల్సి వస్తుందని నీళ్లు తాగడం తగ్గించేవాళ్లు కూడా ఉన్నారు. మీరు ఆ చేతుల్ని చూశారు. వేళ్లు పట్టలేకపోయినా మోచెయ్యి నెట్టగలదని గమనించారు, అందుకు కాడ పొడుగ్గా ఉండాలని మీకే తట్టింది, జారకుండా ఉండటానికి ట్యూబు రబ్బరు పెట్టి బిగించారు. ఆపరేషన్ గదుల బయట డాక్టర్లు మోచేత్తో తిప్పుకునే పొడుగు కాడల కుళాయిలు ఉంటాయి కదా, వాటి వెనకున్న సూత్రమూ ఇదే, కాడ పొడుగయ్యేకొద్దీ తక్కువ బలంతో తిరుగుతుంది. మీకెవరూ చెప్పలేదు, మీ ఇంట్లో మనిషి అవస్థ చూసి మీరే కనిపెట్టుకున్నారు. ఇన్నోవేషన్ అని వీడియోల్లో పెద్ద పెద్ద మాటలు చెప్పేది దీని గురించేనమ్మా.

మీకు దగ్గరి జిల్లా మనిషి గురించే చెప్తాను. ఆలేరు దగ్గర శారాజీపేట, చింతకింది మల్లేశం గారు. పోచంపల్లి చీరలు నేసే కుటుంబం, చదువు బడి మధ్యలోనే ఆగిపోయింది. నూలుకు అక్కడక్కడ ముడులు బిగించి (చిటికి కట్టడం అంటారు) రంగులద్దేముందు దాన్ని ఆసు పోయాలి. చట్రానికి ఒక వైపు ఒకటే మేకు ఉంటుంది, ఎదురుగా అర్ధచంద్రంలా వరుసగా పుల్లలుంటాయి, నూలు పట్టుకుని ఆ మేకు నుంచి ఒక్కో పుల్ల చుట్టూ తిప్పి మళ్లీ మేకు దగ్గరికి రావాలి. చెయ్యి దాదాపు మీటరు దూరం అటూ ఇటూ పోతూనే ఉండాలి, ఒక్క చీరకు అలా 9,000 సార్లు. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. ఆ పని చేసేది ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లే, మల్లేశం గారింట్లో వాళ్లమ్మ లక్ష్మి గారు. సాయంత్రానికి భుజం లేచేది కాదు, ఇక నావల్ల కాదు బిడ్డా అనే దాకా వచ్చింది. ఆయన 1992లో మొదలుపెట్టి 1999లో ఆసు యంత్రం పూర్తి చేశారు. మధ్యలో డబ్బు తగలేస్తున్నాడని అన్నవాళ్లున్నారు, ఊరు వదిలి హైదరాబాద్ వచ్చి కరెంటు పనులు చేసుకుంటూ మిగిలిన డబ్బుతో ఒక్కో భాగం కూర్చారు. ఇప్పుడు చీరకు గంటన్నర చాలు. యంత్రానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో పద్మశ్రీ వచ్చింది.

పద్మశ్రీ మీకూ రావాలని చెప్పడం లేదు. ఆయన తన జీవిత లక్ష్యం ఏమిటా అని వెతుక్కుంటూ బయల్దేరలేదు, అమ్మ భుజం నొప్పి తగ్గాలని మొదలుపెట్టారు. మొదలుపెట్టిన పనిని ఏడేళ్లు వదల్లేదు. మీరేమో రోజూ ఫోన్లో లక్ష్యం కోసం వెతుకుతున్నారు, కళ్లెదురుగా అత్తమ్మ మోచేత్తో కుళాయి తిప్పుకుంటోంది! ఆ వీడియోలు కొన్నాళ్లు పక్కనబెట్టండి, వాటిలో చెప్పేవాళ్లకు మీ ఇల్లూ తెలీదు, మీ వీధీ తెలీదు. అలాగే ఇంకోటి కూడా చెప్పాలి, ఆ ఏడేళ్లూ ఆ ఇంట్లోవాళ్లు పడిన ఇబ్బంది చిన్నది కాదు. కాబట్టి ఇద్దరు పిల్లల ఫీజులు కట్టే ఇంట్లో మీరు అప్పు చేసి ఏదీ మొదలుపెట్టొద్దు. మీ కాడకు అయిన ఖర్చు ఎంత? ఏమీ లేదు. ప్రస్తుతానికి ఆ స్థాయిలోనే ఉండనివ్వండి.

మరి ఏం చేయాలి? రేపు అత్తమ్మ పక్కన కూర్చుని, రోజంతా ఏ ఏ పనికి ఇబ్బంది పడుతున్నారో అడగండి. జాకెట్టు హుక్కులా, మందు సీసా మూతా, తల దువ్వుకోవడమా, గ్లాసు పట్టుకోవడమా. ఒకటి తీసుకుని ప్రయత్నించండి. చేశాక ఆమె చేతికిచ్చి పక్కన నిలబడి చూడండి, ఎక్కడ జారుతోంది, ఎక్కడ నొప్పెడుతోంది. మీరు కట్టిన రబ్బరు కూడా తడికి కొన్నాళ్లకు వదులవుతుంది, కాడ ఊడితే ఆమె ముందుకు తూలిపోయే ప్రమాదం ఉంది, దాని సంగతీ చూడాలి. మీ వీధిలో ఇలాంటి చేతులున్న పెద్దవాళ్లు ఇంకో ముగ్గురైనా ఉంటారు, వెళ్లి చూసి రండి. ఒకరికి పనికొచ్చింది ఇంకొకరికి పనికిరాకపోవచ్చు, అది చూస్తేనే తర్వాతి ఆలోచన వస్తుంది. నలుగురికి పనికొచ్చేది అని గట్టిగా అనిపించిన రోజున చూపించుకోడానికి చోట్లున్నాయి. మల్లేశం గారికి తోడు నిలిచిన పల్లె సృజన సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది, రిటైర్డ్ బ్రిగేడియర్ పోగుల గణేశం గారు నడుపుతారు, వాళ్లు ఊళ్లల్లో నడుచుకుంటూ తిరిగి ఇలాంటివి చేసేవాళ్లను వెతుక్కుంటూ వస్తారు. ఇంటింటా ఇన్నోవేటర్ అని తెలంగాణ ప్రభుత్వం చేపట్టిన కార్యక్రమంలో గృహిణులు చేసినవి కూడా తీసుకుని, ఆగస్టు 15న జిల్లాల్లో ప్రదర్శనకు పెట్టారు.

ఎదురింటి పిల్లాడి దగ్గరికొద్దాం. "కాసేపు చెప్తుంటాను, అంతే" అని రాశారు. ఆరో తరగతిలో ఉండి చదవడం రాని పిల్లాడికి సైన్సు, సోషల్ అన్నీ గోడలే కదమ్మా, వాడి జీవితంలో ప్రస్తుతం మీరు చెప్పే ఆ కాసేపు ఎంత విలువైనదో వాడికీ తెలీదు, మీకూ తెలీడం లేదు. వాడి ఆరో తరగతి పుస్తకం మూసేయండి. ముందు అక్షరాలు చూపించండి, తర్వాత చిన్న మాటలు, తర్వాత నాలుగు వాక్యాల పేరా, తర్వాత చిన్న కథ. ఎక్కడ ఆగిపోతున్నాడో అక్కడి నుంచి మొదలుపెట్టండి. ప్రథమ్ సంస్థ వాళ్లు దేశమంతా ఇలాగే చూస్తారు, తరగతిని బట్టి కాకుండా పిల్లాడు ఏ మెట్టు మీద ఉన్నాడో దాన్ని బట్టి కూర్చోబెట్టి చెప్తారు. తెలుగులో చాలామంది పిల్లలు ఒత్తుల దగ్గర తడబడతారు, 'పలక' చదువుతారు, 'కష్టం' దగ్గర ఆగిపోతారు. వాడూ అక్కడే ఆగితే వారం రోజులు ఒత్తులే చెప్పండి, ఏం మునిగిపోదు. సిగ్గుపడతాడు, ఆరో తరగతి వాడు కదా, అందుకని మిగతా పిల్లల ముందు చదివించొద్దు.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట మా కాలనీలో నేనూ సాయంత్రం చదువు మొదలుపెట్టాను, ఉత్సాహంలో మొదటి వారమే 14 మందిని చేర్చుకున్నాను. ఎవరి స్థాయి వాళ్లది, అరుపులు, కొట్లాటలు, నెల తిరక్కుండా నా గొంతు పోయింది, ఆపేశాను. ఆపేసిన మర్నాడు ఒక పాప పలక పట్టుకుని వచ్చి గేటు దగ్గర నిలబడింది. ఆ పాప ముఖం ఇప్పటికీ మర్చిపోలేను. అందుకే చెప్తున్నాను, ఇద్దరితో మొదలుపెట్టండి, ముగ్గురు దాటనివ్వొద్దు, వారానికి నాలుగు రోజులు, గంట. ఎవరైనా వాళ్లంతట వాళ్లే ఫీజు ఇస్తామంటే తీసుకోండి, అందులో తప్పేం లేదు.

మీ డిగ్రీ గురించి. తప్పకుండా చదవండి. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ 1982లో పెట్టిందే ఇలా మధ్యలో ఆగిపోయినవాళ్ల కోసం, దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అది. మీకు ఇంటర్ ఉంది కాబట్టి నేరుగా చేరొచ్చు, తెలుగు మీడియం ఉంది, ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో స్టడీ సెంటర్లుంటాయి, క్లాసులు ఎక్కువగా సెలవు రోజుల్లోనే పెడతారు. ఇరవయ్యేళ్ల కిందటి రెండో ఏడాది మార్కులు వెతికి పట్టుకునే తంటాలు పడొద్దు, కొత్తగా చేరిపోండి. దగ్గర్లోని సెంటర్‌కు వెళ్లి అడ్మిషన్లు ఎప్పుడో, ఫీజు ఎంతో కాగితం మీద రాయించుకుని రండి. ఆ కాగితం మీకు అవసరం, ఎందుకో చెప్తాను.

మీ ఆయన "ఎవర్ని ఉద్ధరించాలి" అన్నారు. లెక్కలు చూసే మనిషి ఆయన, మీరు ఆయన దగ్గరికి కోరిక తీసుకెళ్లారు గానీ లెక్క తీసుకెళ్లలేదు. ఎంత ఖర్చు, ఎన్ని రోజులు బయటికెళ్లాలి, ఆ రోజు అమ్మను ఎవరు చూస్తారు, ఇవి తేలకపోతే ఆయనకు టెన్షన్, ఆ టెన్షన్ వెటకారంగా బయటికొచ్చి ఉండొచ్చు. అలాగని ఆ మాట సరైందని నేను అనను. మనసు నొప్పించే మాటే, ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు "ఆ మాటకు బాధపడ్డానండీ" అని సూటిగా చెప్పండి, ఏడుస్తూ కాదు, వడ్డిస్తూ కూడా కాదు, ఎదురుగా కూర్చుని. తర్వాత ఆ కాగితం ముందుపెట్టండి. క్లాసులున్న రోజు అమ్మకు అన్నం పెట్టే పని ఆయనదే అని కూడా చెప్పండి, అడగడానికి జంకొద్దు, ఆమె ఆయన కన్నతల్లి. ఇంకో చిన్న పని, ఆ కుళాయి కాడకు రబ్బరు బదులు హార్డ్‌వేర్ షాపులో దొరికే పైపు క్లిప్పు ఒకటి తెమ్మనండి. తెచ్చి ఆయన చేత్తోనే బిగించమనండి. తన తల్లికి పనికొచ్చే వస్తువును చూసి మళ్లీ నవ్వడం అంత సులువు కాదు.

వయసు గురించి ఎక్కువ రాయను. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారికి ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఆమె స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్లొచ్చాక మళ్లీ పుస్తకాలు పట్టి, బెనారస్ యూనివర్సిటీ మెట్రిక్ పరీక్ష నుంచి మొదలుపెట్టి లా దాకా చదివారు. తాను చదువుతూనే చదువాగిపోయిన ఆడవాళ్లను ఆ పరీక్షలకు కూర్చోబెట్టారు, 1937లో మద్రాసులో మొదలైన ఆంధ్ర మహిళా సభ ఆ పనిలోంచి పెరిగిందే. మొత్తం నేర్చుకున్నాకే చెప్తాను అని ఆమె ఆగలేదు. మీరూ పొద్దున మీ సెమిస్టర్ పుస్తకం చదువుకుని సాయంత్రం ఆ పిల్లాడికి ఒత్తులు చెప్పొచ్చు, ఒకటి అయ్యాకే రెండోది అని పెట్టుకోకండి.

పాప లేని వెలితి మాత్రం ఇవన్నీ చేసినా ఉంటుంది. దాని మంచం వైపు చూసినప్పుడు గొంతు పూడుకుపోతుంది, ఉండనివ్వండి. ఆదివారం ఫోన్ చేసినప్పుడు "తిన్నావా, చదివావా" అయ్యాక మీ సంగతులు కూడా చెప్పండి. అమ్మ డిగ్రీలో చేరుతోందంటే అదెంత సంతోషపడుతుందో చూడండి.

ఆ పిల్లాడు ఒక కథ మొదటి నుంచి చివరిదాకా తనే చదివిన రోజు నాకు రాయండి. అత్తమ్మ ఏమడిగారో, మీరేం చేశారో, అది కూడా.