చైనా అండ ఉండి కూడా కిమ్‌కు ఆ దేశమంటేనే అనుమానం ఎందుకు?

బెంగళూరు విజయనగర్‌లో పోటీ పరీక్షలకు చదువుతున్న మన తెలుగు కుర్రాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. ఉత్తర కొరియా వర్తకంలో సింహభాగం చైనాతోనే, మరి భయం దేనికి?

భయమంతా ఆ అండలోనే ఉంది. శత్రువు సరిహద్దు దాటి రావాలి. మిత్రుడి మనుషులు ముందే ఇంట్లో ఉంటారు. 1956 ఆగస్టులో ఉత్తర కొరియా వ్యవస్థాపకుడు, ఇప్పటి కిమ్ తాత కిమ్ ఇల్ సుంగ్‌పై పాలక పార్టీలోని చైనా, సోవియట్ అనుకూల వర్గాలు తిరగబడి ఓడిపోయాయి. సెప్టెంబరులో మాస్కో తరఫున సోవియట్ అగ్రనేత మికోయాన్, బీజింగ్ తరఫున చైనా రక్షణ మంత్రి పెంగ్ దెహువాయ్ స్వయంగా రాజధాని ప్యాంగ్యాంగ్ వచ్చి, వెలివేసిన వారిని మళ్లీ చేర్చుకొమ్మని ఒత్తిడి తెచ్చారు. కిమ్ ఇల్ సుంగ్ అప్పటికి తలూపి, తర్వాత ఆ వర్గాలను ఏరిపారేశారు. ఆ అవమానం కుటుంబానికి వారసత్వంగా వచ్చిందనే నా అభిప్రాయం.

1992లో చైనా దక్షిణ కొరియాతో దౌత్య సంబంధాలు పెట్టుకోవడం పుండుపై కారం చల్లింది.

మనవడు కిమ్ జోంగ్ ఉన్ 2013 డిసెంబరులో సొంత మేనత్త భర్త జాంగ్ సాంగ్ థేక్‌కే మరణశిక్ష వేయించాడు. చైనాతో వ్యాపారాలు చూసుకున్నది ఈయనే. మోపిన నేరాల్లో చైనా సరిహద్దుకు దగ్గరున్న రాసన్ ఆర్థిక మండలం భూమిని 50 ఏళ్లకు విదేశానికి కట్టబెట్టడం ఒకటి. ఆ దేశం పేరు మాత్రం చెప్పలేదు! 2011లో గద్దెనెక్కిన కిమ్, అధినేతగా 2018 మార్చి దాకా బీజింగ్ గడప తొక్కలేదు.

అయినా చైనాకు ఆయనను వదులుకునే వీలు లేదు. ప్యాంగ్యాంగ్ కూలితే అమెరికా సేనలు తన సరిహద్దైన యాలూ నది ఒడ్డుకు వస్తాయన్నది దాని బెంగ.