నేల ఉసిరి మీద పరిశోధన మొదలుపెట్టబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఎం.ఫార్మసీ ప్రాజెక్టుకు నేల ఉసిరిని తీసుకున్నావనీ, కాలేయం మీద దాని ప్రభావాన్ని పరీక్షించబోతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నీకు ఈ ఉత్తరం వ్రాయాలని మనసు పీకుతూనే ఉంది. కామెర్లకు మన పల్లెల్లో తరతరాలుగా పసరు పోస్తున్న మొక్క అది. అయితే ప్రయోగశాలలోకి వెళ్లే ముందు నువ్వు పొలం గట్టుకు వెళ్లాలి.

నీ వయసులో నేనూ ఇదే మొక్కతో పని మొదలుపెట్టాను. మూలికల అంగడిలో ఎండు కట్టలు కొని, పొడి చేసి, ఎనిమిది నెలలు సారాలు తీశాను. ఒక్కో కట్టకు ఒక్కో ఫలితం వచ్చేది. చివరికి వృక్షశాస్త్రం మాస్టారొకరు మిగిలిన కట్టను విప్పి, భూతద్దం కింద పూలు చూసి, ఇందులో రెండు జాతులున్నాయని తేల్చారు. ఫిల్లాంథస్ అమారస్ పువ్వుకు రక్షకపత్రాలు (పువ్వు వెలుపలి రేకులు) అయిదు. ఫిల్లాంథస్ ఫ్రాటెర్నస్‌కు ఆరు. అంగడిలో రెండూ నేల ఉసిరే. ఆ ఎనిమిది నెలల పనిని నేను పక్కన పడేయవలసి వచ్చింది. అందుకే, నువ్వు కోసిన ప్రతి చోటి నుంచీ పూలతో, కాయలతో ఉన్న ఒక కొమ్మను అట్టకు అద్ది, తేదీ, ఊరు వ్రాసి, హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల నమూనాలు భద్రపరిచే చోట) సంఖ్య వేయించిన తరువాతే మిగిలిన ఆకును ఎండబెట్టు.

ఈ మొక్క చరిత్రలోనే నీకొక హెచ్చరిక ఉంది. 1988లో మద్రాసు పరిశోధకులు లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ఫలితం ప్రకటించారు: హెపటైటిస్ బి వైరస్‌ను మోస్తున్నవారికి ఫిల్లాంథస్ అమారస్ పొడిని 30 రోజులు ఇస్తే, 37 మందిలో 22 మందికి రక్తంలో వైరస్ ఉపరితల యాంటిజెన్ (వైరస్ ఒంట్లో ఉందని తెలిపే గుర్తు) కనబడకుండా పోయింది, ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా జరిగింది. ప్రపంచమంతా ఆశగా చూసింది. తరువాత ఇతర చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. జాతి, నేల, కోసిన కాలం వేరు కావడమే కారణమా, లేక తొలి ఫలితమే నిలవనిదా అన్న వాదన చాలాకాలం నడిచింది. నా మట్టుకు, మొక్కను కచ్చితంగా గుర్తించని ఏ పరీక్షా ఆ వాదనను తేల్చలేదని నమ్ముతాను.

సారం తీసే పద్ధతిని మన అలవాటు కొద్దీ ఎంచుకోకు. మలేరియాకు మందు వెతుకుతూ చైనా శాస్త్రవేత్త తు యోయో, మాచిపత్రి కుటుంబానికే చెందిన చింగ్‌హావో మొక్కను మరిగించి తీసిన సారాలు నిలకడగా పని చేయకపోవడంతో పాత వైద్యగ్రంథాన్ని మళ్లీ చదివారు. మొక్కను చన్నీటిలో నానబెట్టి పిండాలన్న మాట అందులో కనిపించింది. వేడి వల్ల గుణం పోతున్నదేమోనని గ్రహించి, తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీస్తే ఆర్టెమిసినిన్ అనే మలేరియా మందుకు దారి దొరికింది. కాబట్టి పసరు పోసే పెద్దల దగ్గర కూర్చుని, ఏ భాగం, పచ్చిదా ఎండుదా, నీళ్లలోనా మజ్జిగలోనా అని ఓపికగా అడిగి వ్రాసుకో. వేడితో సారం తీసే సాక్స్‌లెట్ పరికరంలో మిథనాల్ పోయడానికి తరువాత సమయముంటుంది.

ఇక ఎలుకల ప్రయోగం. ఇక్కడే నీ తోటివారు చాలామంది మోసపోతారు. పారాసిటమాల్ ఎక్కువ మోతాదులో ఇచ్చి కాలేయాన్ని దెబ్బతీస్తారు గదా. ఆ నష్టం చేసేది పారాసిటమాల్ కాదు, కాలేయపు ఎంజైములు దాన్ని మార్చగా పుట్టే విషపదార్థం. నీ సారాన్ని వారం రోజులు ముందుగా పోసి తరువాత పారాసిటమాల్ ఇస్తే, ఆ సారం కాలేయాన్ని కాపాడకపోయినా, ఆ ఎంజైములను అణచివేసినంత మాత్రాన కాపాడినట్టే కనబడుతుంది. అప్పటికే జబ్బుపడి వచ్చిన మనిషికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. అందుచేత, దెబ్బ తగిలిన తరువాత సారం ఇచ్చే ఎలుకల గుంపు ఒకటి, పోల్చి చూడడానికి సిలిమారిన్ (కాలేయాన్ని కాపాడుతుందని పేరున్న మందు) ఇచ్చే గుంపు ఒకటి తప్పక పెట్టు. గైడుగారు ఖర్చు అంటే నా పేరు చెప్పి బతిమాలు.

అనుకోని ఫలితం వస్తే దాన్ని దాచకు. 1950లలో కెనడాలో నోబుల్, బీర్ అనే ఇద్దరు బిళ్లగన్నేరు ఆకును మధుమేహానికి పరీక్షించారు. చక్కెర తగ్గలేదు గాని, సారం ఎక్కించిన ఎలుకల్లో తెల్ల రక్తకణాలు పడిపోయి, అవి అంటురోగాలతో చనిపోయాయి. దాన్ని విఫలమని మూసేయకుండా వెంటపడితే విన్‌బ్లాస్టిన్ అనే కాన్సరు మందు దొరికింది. కణం విడిపోయేటప్పుడు కావలసిన ట్యూబులిన్ పోగులను కట్టనివ్వకపోవడం దాని పని. దాని తోబుట్టువు విన్‌క్రిస్టిన్ నేటికీ పిల్లల రక్తకాన్సరుకు మందు. చక్కెర జబ్బుకని అదే ఆకును మన వీధిలో పరగడుపున నమిలేవారిని చూస్తే నాకు గుండె దడదడలాడుతుంది. నిన్ను అడిగితే వద్దని గట్టిగా చెప్పు. పిల్లల కడుపులో పురుగులకు వాడే గాడిదగడపాకు సంగతీ అంతే: అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుంది, కాన్సరు తెస్తుంది.

తొలకరి తరువాత నేల ఉసిరి గట్లమీద దండిగా మొలుస్తుంది. పూత వచ్చాక పాత వార్తాపత్రికలూ, నొక్కుడు చట్రమూ తీసుకుని ఇక్కడికి రా. నా భూతద్దం తుడిచి ఉంచుతాను. రక్షకపత్రాలు ఇద్దరం కలిసి లెక్కపెడదాం.

ఆశీస్సులతో,
మీ మామయ్య