బత్తాయి మీది బూజుకు పేరు పెట్టే ముందు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నల్గొండ బత్తాయిల ఫొటోలు చూశాను. బూజు పచ్చగా ఉంది కాబట్టి పెనిసిలియం డిజిటేటం, అంటే పచ్చ బూజు, అని రికార్డులో రాసెయ్యనా అని అడిగావు. అప్పుడే వద్దమ్మా. కాయ ఇంకా నీ దగ్గరే ఉంది కదా, ఇంకాస్త చూడు.

ముందు దాన్ని కిటికీ దగ్గర పగటి వెలుతురులో పెట్టు. ల్యాబులో చేరిన కొత్తలో నేను ట్యూబ్‌లైటు కింద చూసి నీలం బూజు అని రాశాను. మర్నాడు ఎండలో చూస్తే ఆలివ్ పచ్చ! అప్పటి నుంచి రంగు కంటే తెల్ల అంచునే నమ్ముతాను. డిజిటేటం అయితే పచ్చ పొడి చుట్టూ వెడల్పాటి తెల్ల పట్టీ ఉంటుంది. నీలం బూజు, అంటే పెనిసిలియం ఇటాలికం అయితే నీలం పొడి చుట్టూ తెలుపు సన్నగా, సుమారు 2 మిల్లీమీటర్లే. దాని బయట తొక్క నీరుపట్టి మెత్తబడి ఉంటుంది. అంతా తెల్లగానే ఉంటే ఒకటి రెండు రోజులు ఆగు, లేతగా ఉన్నప్పుడు రెండూ ఒకలాగే ఉంటాయి. పొడి లేకుండా జిగటగా కారుతూ, పుల్లటి వాసనకు పండు ఈగలు ముసురుతుంటే అది పుల్ల కుళ్లు తెచ్చే జియోట్రైకం అనే వేరే శిలీంధ్రం అయి ఉండొచ్చు.

పెట్టెలో పక్క కాయలు ఎలా ఉన్నాయో నువ్వు రాయలేదు. అది చాలా ముఖ్యం. నీలం బూజు తగిలిన కాయకల్లా పాకి గుంపుగా కుళ్లబెడుతుంది. పచ్చది సాధారణంగా పక్క కాయల మీద పొడి మాత్రం రాలుస్తుంది, తెంపేటప్పుడు గీరుకుపోయిన కాయ దొరికితేనే లోపలికి దిగుతుంది. సరుకు కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిందేమో కూడా కనుక్కో, చల్లదనంలో నీలానిదే పైచేయి. ఒకే కాయ మీద రెండూ ఉండటమూ మామూలే. అప్పుడు పచ్చది వేగంగా పెరిగి నీలాన్ని కప్పేస్తుంది. అందుకే రెండు మూడు చోట్ల నుంచి నమూనా తియ్యి.

మైక్రోస్కోపు కోసం సెల్లోటేపు ముక్కను పచ్చ, తెలుపు కలిసే చోట మెల్లగా అద్దు. మధ్యలో అద్దితే బీజాల (ఆ పొడి రేణువుల) కుప్పే వస్తుంది, బీజాలు పుట్టే కుంచెలాంటి కొమ్మ కనిపించదు. పెనిసిలియం అనే పేరే లాటిన్‌లో కుంచె అనే మాట నుంచి వచ్చింది, ఆ కుంచె చూడకుండా పేరు రాయకూడదు. బూజుకు నీలం రంగు పట్టించే లాక్టోఫినాల్ కాటన్ బ్లూ చుక్క మీద టేపు పరిచి 400 రెట్లలో చూడు. డిజిటేటం కుంచెకు కొమ్మలు తక్కువ, పొందిక ఉండదు. బీజాలు పెద్దవి, కోలగా, చాలావరకు 6 నుంచి 8 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్), అక్కడక్కడా ఇంకా పొడుగు. ఇటాలికం బీజాలు దాదాపు 4, 5 మైక్రాన్లే. కొలవకుండా కంటితో అంచనా వేయకు.

తర్వాత మంచి కాయను కడిగి, సూదితో 2 మిల్లీమీటర్లు గుచ్చి, ఆ బీజాలు పెట్టి, 25 డిగ్రీల దగ్గర ఉంచు. మూడు నాలుగు రోజుల్లో అదే బూజు వస్తే నీ గుర్తింపు గట్టిపడినట్టే. పోల్చి చూడటానికి, అలాగే గుచ్చి బీజాలు మాత్రం పెట్టని కాయ ఒకటి పక్కనే ఉంచడం మర్చిపోకు.

మాస్కు వేసుకో తల్లీ, ముక్కు దగ్గర పెట్టి వాసన చూడకు. ఈసారి ఫొటోలో కాయ పక్కన స్కేలు పెట్టి పంపు.

నీ పెదనాన్న